నాన్న పేరున ఉన్నవి: కోర్టుకు వెళ్ళకుండా సర్దుకున్న దారి

నాన్న పెద్దకర్మ అయిన మూడో రోజు సాయంత్రం షీలానగర్‌లో మా ఫ్లాట్ హాల్లో చాప పరిచి, నాన్న బీరువాలోని కాగితాలన్నీ దాని మీద పేర్చాం. షిప్‌యార్డులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసిన మనిషి. ప్రతి రసీదూ దాచారు. ఫ్లాట్ దస్తావేజు, రెండు బ్యాంకుల పాస్‌బుక్కులు, మూడు ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, రెండు ఎల్ఐసీ బాండ్లు, చోడవరం దగ్గర ఊళ్ళో డెబ్బై సెంట్ల పొలం పాస్‌బుక్కు, పాత మారుతి కారు ఆర్‌సీ. వీలునామా మాత్రం లేదు.

ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేసినా తలా ఒక మాట. కోర్టులో సక్సెషన్ సర్టిఫికెట్ (ఆయన డబ్బు తీసుకునే హక్కు ఉందని కోర్టు ఇచ్చే పత్రం) తెచ్చుకోవాలి, ఏడాది పడుతుందని ఒకరు. నామినీ ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదని ఇంకొకరు. బొంబాయిలో ఉండే మా అమ్మ అక్కగారి అబ్బాయి అయితే "ప్రొబేట్ చేయించాల్సిందే" అన్నాడు. అమ్మ ఏమీ మాట్లాడకుండా వింటూ కూర్చుంది. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

ఏడు నెలల్లో దాదాపు అన్నీ పూర్తయ్యాయి. కోర్టుకు ఒక్కసారి కూడా వెళ్ళలేదు. నేను లెక్కల టీచర్ని, లాయర్ని కాను. కానీ ఈ పనిలో ఏ కాగితం ముందు, ఏది తర్వాత అన్నది బాగా తెలిసింది. అది తెలియక ఇబ్బంది పడుతున్న ఇళ్ళు మా అపార్ట్‌మెంట్‌లోనే రెండు చూశాను, అందుకే రాస్తున్నాను. వాటాల గురించి నేను చెప్పేది హిందూ కుటుంబాలకు వర్తించేది. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల్లో వాటాల లెక్క వేరు. కాగితాల పని మాత్రం చాలావరకు ఇలాగే ఉంటుంది.

డెత్ సర్టిఫికెట్‌లో పేరు

అన్నిటికీ మొదటిది ఇదే. ఆసుపత్రిలో పోతే ఆసుపత్రి వాళ్ళే మరణాన్ని నమోదుకు పంపాలి. ఇంట్లో పోతే ఇంటివాళ్ళు 21 రోజుల్లోపు చెప్పాలి. విశాఖలో అయితే నగరపాలక సంస్థ జీవీఎంసీకి. ఆ గడువు దాటితే ఆలస్య రుసుము, నెల దాటితే పైఅధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. కాబట్టి దుఃఖంలో ఉన్నా సరే, ఇంట్లో ఒకరు ఈ పని మీద ఉండాలి.

ఇక్కడ మేం చేసిన పొరపాటు చెబుతాను. ఆసుపత్రిలో ఫారం రాసేటప్పుడు నాన్న పేరు అడిగితే, అందరూ పిలిచే పేరు చెప్పేశాం. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. పాస్‌బుక్కులో ఇంటిపేరుకు ఒక్క అక్షరం. ఫ్లాట్ దస్తావేజులో "రావు" ఉంది, పీఎఫ్ పింఛను కాగితంలో లేదు. డెత్ సర్టిఫికెట్‌లో వీటిలో దేనితోనూ కలవని ఇంకో పేరు పడింది. దాన్ని సరిచేయించుకోవడానికే మూడు వారాలు పోయాయి. ఫారం నింపే ముందు ఆధార్ కార్డు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి రాయించండి. నాన్నగారి తండ్రి పేరు, చిరునామా కూడా. దస్తావేజులో, బ్యాంకులో పేరు అప్పటికీ కాస్త తేడాగా ఉంటే, ఆ రెండు పేర్లూ ఒక్క మనిషివేనని నోటరీ దగ్గర ఒక అఫిడవిట్ చేయించుకుంటే చాలాచోట్ల సరిపోతుంది.

సర్టిఫికెట్ కాపీలు పది తీసుకోండి. మాకు ఎనిమిది వాడకానికి వచ్చాయి.

ఇంకొక మాట కూడా ఇక్కడే. మనిషి పోయాక ఆయన ఏటీఎం కార్డుతో డబ్బు తీయకండి. పిన్ నంబరు తెలుసు కదా, కర్మకాండల ఖర్చుకే కదా అనిపిస్తుంది. ఆ క్షణం నుంచి ఆ డబ్బు వారసులందరిదీ. తీసినవాళ్ళు మంచిమనసుతో తీసినా, ఆరు నెలల తర్వాత ఆ ఎంట్రీ దగ్గరే గొడవ మొదలవుతుంది. మా ఇంట్లో ఖర్చంతా అన్నయ్యా నేనూ పెట్టుకుని, ఒక నోటు పుస్తకంలో రాసి, తర్వాత లెక్క చూసుకున్నాం.

వారసులు ఎవరు: నాన్నమ్మ సంగతి

అందరూ తేలికగా దాటేసేది ఇదే.

నాన్న వెనక ఉన్నది మా అమ్మ, అన్నయ్య, నేను, దోహాలో ఉండే చెల్లి. కాబట్టి నలుగురం అనుకున్నాం. కానీ హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం వీలునామా రాయకుండా ఒక మగాయన చనిపోతే, మొదటి తరగతి వారసుల్లో భార్య, కొడుకులు, కూతుళ్ళతో పాటు ఆయన తల్లి కూడా ఉంటుంది. అందరికీ సమాన వాటా. మా నాన్నమ్మకు ఎనభై ఆరేళ్ళు, ఊళ్ళో బాబాయి దగ్గర ఉంటుంది. అంటే మేం ఐదుగురం, ఒక్కొక్కరికి ఐదో వంతు. తండ్రి అయితే మొదటి తరగతిలో ఉండడు, తల్లి ఉంటుంది. ఈ సంగతి చదువుకున్నవాళ్ళలో కూడా చాలామందికి తెలియదు.

అన్నయ్యకు చెబితే మొదట ఒప్పుకోలేదు. "నాన్నమ్మ పేరు రాస్తే పని రెట్టింపు అవుతుంది. ఆవిడ ఎలాగూ ఏమీ అడగదు. వదిలేద్దాం" అన్నాడు. చెడ్డ ఉద్దేశంతో అనలేదు, పని తొందరగా అవ్వాలని అన్నాడు. నేను మాత్రం కుదరదన్నాను. నా కారణాలు రెండు. మొదటిది, కొడుకుని పోగొట్టుకున్న తల్లిని కాగితంలో లేకుండా చేయడం తప్పు. రెండోది చట్టం లెక్క. నాన్నమ్మ తన వాటా వదులుకోకుండా వెళ్ళిపోతే, ఆ ఐదో వంతు ఆమె పిల్లలకు, అంటే బాబాయికి, అత్తకు, నాన్న తరఫున మాకు పంపకమవుతుంది. అప్పుడు ఈ ఫ్లాట్ అమ్మాలన్నా, బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకోవాలన్నా, బాబాయి పిల్లలు, అత్త పిల్లల సంతకాల దాకా వెళుతుంది. ఇరవై ఏళ్ళ తర్వాత కొనేవాళ్ళ లాయరు తవ్వి తీసేది సరిగ్గా ఈ పేరే.

ఆదివారం అందరం ఊరికి వెళ్ళాం. నేనే నాన్నమ్మ మంచం దగ్గర కూర్చుని విషయం చెప్పాను. "ఏటే, నాకూ వాటా ఉందా? కొడుకు కష్టపడి కొనుక్కున్న ఇల్లు నాకెందుకే. మీ అమ్మ పేరున పెట్టండి" అంది. కొంచెంసేపు ఆగి, "నా పేరున బ్యాంకులో కొంత వేయండి. మందులకి ఎవరినీ అడక్కుండా ఉంటాను" అంది. బాబాయి అక్కడే ఉన్నాడు. ఎవ్వరం మాట్లాడలేదు. ఫ్లాట్ అమ్మ పేరున, నాన్నమ్మ పేరున రెండు లక్షల డిపాజిట్ అని అక్కడే తేల్చుకున్నాం. అడగకుండా పేరు వదిలేసి ఉంటే ఆవిడకేం కావాలో మాకు తెలిసేదే కాదు.

మీ ఇంట్లో కూడా జాబితా రాయండి. పెళ్ళైన కూతుళ్ళ పేర్లు రాయండి, కట్నం ఇచ్చేశాం కదా అన్న మాట చట్టం ముందు నిలబడదు. ముందే చనిపోయిన కొడుకు ఉంటే అతని భార్యా పిల్లల పేర్లు రాయండి. వారసుల్లో మైనరు ఉంటే ఆ పిల్లల వాటాను తల్లి సంతకంతో వదులుకోవడం కుదరదు, దానికి జిల్లా కోర్టు అనుమతి కావాలి. చనిపోయింది అమ్మ అయితే లెక్క మారుతుంది: కొడుకులు, కూతుళ్ళు, భర్త ముందు వస్తారు.

పొలం తాతల నాటి నుంచి పంచుకోకుండా వస్తున్న ఉమ్మడి ఆస్తి అయితే ఐదో వంతు లెక్క సరిపోదు. అందులో కొడుకులతో సమానంగా కూతుళ్ళకు పుట్టుకతోనే హక్కుంది. 2005 సవరణ ఆ హక్కు ఇచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. మన రాష్ట్రంలో అయితే 1986లోనే, పెళ్ళికాని కూతుళ్ళకు ఆ హక్కు ఇస్తూ చట్టం చేశారు. ఉమ్మడి ఆస్తి ఉన్నవాళ్ళు ఈ ఒక్క లెక్క కోసం లాయరు దగ్గరకు వెళ్ళి ఫీజు ఇచ్చి రాయించుకోవడమే మంచిది. మేం అలాగే చేశాం.

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్

జాబితా తేలాక దానికి తహశీల్దార్ ముద్ర కావాలి. వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ దరఖాస్తు చేసుకోవాలి. డెత్ సర్టిఫికెట్, అందరి ఆధార్‌లు, రేషన్ కార్డు, ఒక అఫిడవిట్ ఇచ్చాం. రెవెన్యూ సిబ్బంది ఇంటికి వచ్చి, చుట్టుపక్కల అడిగి, రాసుకుని వెళతారు. మా దాంట్లో మొదట అమ్మ, ముగ్గురు పిల్లల పేర్లే రాసుకున్నారు. రేషన్ కార్డులో నాన్నమ్మ పేరు లేదు కాబట్టి. నాన్నమ్మ ఆధార్, నాన్న స్కూలు సర్టిఫికెట్ చూపించి పేరు చేర్పించాం.

ఈ సర్టిఫికెట్ కుటుంబంలో ఎవరెవరున్నారో చెబుతుంది. ఆస్తి మీద హక్కు ఎవరిదో తేల్చదు. దీన్ని పట్టుకుని ఇల్లు నాదైపోయింది అనుకోకూడదు. బ్యాంకుకీ, పింఛనుకీ, పొలం మ్యుటేషన్‌కీ (రికార్డుల్లో పేరు మార్పుకీ) మాత్రం ఇదే తాళం చెవి.

బ్యాంకులు

అమ్మతో కలిసి ఉన్న పింఛను ఖాతా "ఎయిదర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలో ఉంది, అంటే ఇద్దరిలో ఎవరైనా నడపవచ్చు, ఒకరు పోతే మిగిలినవారిది. డెత్ సర్టిఫికెట్ ఇస్తే నాన్న పేరు తీసేసి అమ్మకే ఉంచారు, వారం కూడా పట్టలేదు. మనిషి పోయాక పడిన పింఛను మాత్రం వెనక్కి ఇవ్వాల్సిందే. వెంటనే చెబితే మంచిది. పీఎఫ్ పింఛను కాగితంలో భార్య పేరు ఉంటే అందులో ఆమెకు రావాల్సిన పింఛను కూడా అప్పుడే అడగండి.

రెండో బ్యాంకులో ఒక డిపాజిట్‌కు అన్నయ్య నామినీ. నాలుగు లక్షలు. అన్నయ్య చాలాకాలంగా అది తనదే అనుకున్నాడు. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి. తీసుకుని వారసులకు అప్పగించాల్సిన బాధ్యత ఉన్న మనిషి. 1984లో బీమా విషయంలో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. తర్వాత బ్యాంకు ఖాతాల మీద, 2023లో షేర్ల మీద కూడా అదే మాట చెప్పింది. బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత ఒక మినహాయింపు ఉంది: నామినీ తల్లిదండ్రులో, భార్యో భర్తో, పిల్లలో అయితే ఆ డబ్బు వాళ్ళదే. అన్నయ్యకు ఈ సంగతి నేను కాగితం మీద రాసి చూపించాను. ఒక పూట బాధపడ్డాడు. మర్నాడు తనే డబ్బు తీసుకుని అమ్మ ఖాతాలో వేశాడు.

మిగిలిన రెండు డిపాజిట్లకు నామినీ లేరు. కలిపి ఆరున్నర లక్షలు. కౌంటర్‌లో కూర్చున్నాయన కాగితాలు చూడకుండానే సక్సెషన్ సర్టిఫికెట్ తప్పదన్నారు. ఇక్కడ మీకు తెలిసి ఉండాల్సింది ఒకటుంది. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు చనిపోయిన ఖాతాదారుల క్లెయిమ్‌ల మీద కొత్త ఆదేశాలు ఇచ్చింది. 2026 మార్చి 31 లోపు బ్యాంకులన్నీ అమలు చేయాలని గడువు పెట్టింది. నామినీ లేకపోయినా, వీలునామా లేకపోయినా, వారసుల మధ్య గొడవ లేకపోతే 15 లక్షల దాకా కోర్టు కాగితం లేకుండానే ఇవ్వాలి. సహకార బ్యాంకుల్లో ఆ పరిమితి 5 లక్షలు. ఏ బ్యాంకైనా తన పరిమితిని ఇంకా పెంచుకోవచ్చు. ఆ పరిమితి లోపల బయటివాళ్ళ జామీను అడగకూడదు. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో తేల్చాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే వడ్డీ రూపంలో పరిహారం ఇవ్వాలి.

మేం ఇచ్చినవి: క్లెయిమ్ ఫారం, డెత్ సర్టిఫికెట్, అమ్మ ఆధార్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అమ్మ సంతకంతో ఇండెమ్నిటీ బాండు, మిగిలిన నలుగురు వారసులు "మాకు అభ్యంతరం లేదు, అమ్మకే ఇవ్వండి" అని రాసిన పత్రాలు. ఇండెమ్నిటీ బాండు అంటే, రేపు ఇంకెవరైనా వారసులు వచ్చి అడిగితే ఆ బాధ్యత మాది అని బ్యాంకుకు రాసివ్వడం. ఎవరి పేరైనా దాచిపెట్టి ఈ బాండు మీద సంతకం చేస్తే ఎంత ప్రమాదమో చూడండి.

కౌంటర్‌లో కాదంటే వాదించకండి. "ఏ కాగితం తక్కువో రాసివ్వండి" అని అడగండి. నేను అలాగే ఒక ఉత్తరం రాసి, మేనేజరు గారికి ఇచ్చి, నా కాపీ మీద ముద్ర వేయించుకున్నాను. ఆ తర్వాత పని కదిలింది. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, దానికి ఖర్చు లేదు.

నాన్న ఎక్కడెక్కడ డబ్బు పెట్టారో మీకు తెలియకపోతే పాస్‌బుక్కులో రెండేళ్ళ ఎంట్రీలు వరసగా చదవండి. బీమా ప్రీమియం, చీటీ కట్టినది, డివిడెండు పడినది, అన్నీ అందులోనే కనబడతాయి. చనిపోయింది యాభై ఐదేళ్ళ లోపు వాళ్ళయితే ఏడాదికోసారి 436 రూపాయలు కట్ అయ్యాయేమో ముఖ్యంగా చూడండి. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, రెండు లక్షలు వస్తుంది. ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఉండిపోయిన పాలసీలు ఇవే ఎక్కువ. పదేళ్ళు కదలని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళతాయి. వాటిని ఉద్గమ్ పోర్టల్‌లో పేరు కొట్టి వెతకవచ్చు, తర్వాత బ్యాంకు ద్వారా తిరిగి అడగవచ్చు. డీమ్యాట్ షేర్లకు నామినీ లేకపోయినా 15 లక్షల దాకా, కాగితపు షేర్లకు 5 లక్షల దాకా కోర్టు సర్టిఫికెట్ లేకుండా మార్చే వీలుంది.

ఎల్ఐసీ సులువుగానే అయింది. అసలు బాండ్లు, క్లెయిమ్ ఫారం, డెత్ సర్టిఫికెట్, అమ్మ బ్యాంకు వివరాలు. అంతే.

ఫ్లాట్

ఇంటి విషయంలో చాలామంది ఇంటి పన్ను, కరెంటు బిల్లు పేరు మార్చుకుని పని అయిపోయిందనుకుంటారు. పన్ను రసీదు హక్కు ఇవ్వదు. మిగిలిన నలుగురి వాటాలు అమ్మకు చేరాలంటే రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజు కావాలి. రిలీజ్ డీడ్ అంటారు. ఎవరి వాటా వాళ్ళు ఉంచుకుని ఆస్తులు విడగొట్టుకోవాలంటే భాగ పంపకాల దస్తావేజు. ఏదైనా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసి నోటరీ సంతకం పెట్టించిన విడుదల పత్రం ఇంటి విషయంలో చెల్లదు. మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు వాళ్ళు అలాంటి కాగితాన్ని తొమ్మిదేళ్ళు బీరువాలో పెట్టుకుని, అమ్మబోతే అప్పుడు తెలుసుకున్నారు. అప్పటికి సంతకం పెట్టిన అన్నదమ్ముల్లో ఒకరు లేరు.

కుటుంబ సభ్యుల మధ్య స్టాంపు డ్యూటీ అమ్మకం దస్తావేజు కన్నా తక్కువ. దస్తావేజు రాయించే ముందు ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే పత్రం) తీయించి, ఫ్లాట్ మీద పాత అప్పు ఏదీ నమోదై లేదని చూసుకోండి. అప్పుల గురించి భయపడేవాళ్ళకు ఒక మాట: నాన్న చేసిన అప్పుకు, ఆయన నుంచి మీకు వచ్చిన ఆస్తి మేరకే మీ బాధ్యత. మీ సొంత జీతం దాకా రాదు.

చెల్లి దోహా నుంచి రాలేకపోయింది. అక్కడి భారత రాయబార కార్యాలయానికి వెళ్ళి, ఈ ఒక్క ఫ్లాట్, ఈ ఒక్క పని కోసమే అని స్పష్టంగా రాసి, మా ఆయన పేరున పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపింది. విదేశంలో రాసిన ఆ కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు దానికి మన రాష్ట్రంలో స్టాంపు వేయించాలి. ఈ గడువు దాటించుకోకండి. కవరు కూడా దాచండి, చేరిన తేదీకి అదే సాక్ష్యం.

నాన్నమ్మను ఊరి నుంచి తీసుకొచ్చి మా ఇంట్లో ఉంచాం. మోకాళ్ళ వల్ల ఆఫీసు మెట్లు ఎక్కలేదు. వయసుమళ్ళినవాళ్ళు, జబ్బుతో ఉన్నవాళ్ళ కోసం రిజిస్ట్రేషన్ అధికారి ఇంటికే వచ్చే వీలు చట్టంలో ఉంది. డాక్టరు సర్టిఫికెట్ జతచేసి, దరఖాస్తు పెట్టి, దానికి రుసుము కడితే వచ్చారు. నాన్నమ్మ వేలిముద్ర వేస్తుంది. వేసేముందు దస్తావేజు మొత్తం తెలుగులో గట్టిగా చదివి వినిపించాం. బాబాయినే సాక్షిగా పెట్టాం. రేపు ఎవరైనా ముసలావిడ చేత తెలియకుండా వేయించారు అంటే, ఆవిడ సొంత కొడుకే సాక్షి. ఇలాంటి సంతకాలు ఉన్నచోట మీరూ అవతలి వైపు మనిషినే సాక్షిగా పెట్టుకోండి.

దస్తావేజు చేతికొచ్చాక జీవీఎంసీ ఇంటి పన్ను, ఈపీడీసీఎల్ కరెంటు సర్వీసు, నీటి కనెక్షన్ పేర్లు మార్చడం తేలిక. ఒక్కొక్కటి ఒక పూట పని.

పొలం, కారు

పొలం దగ్గర ఒక చిక్కు. పాత కాగితాలన్నీ విశాఖపట్నం జిల్లా పేరున ఉంటాయి. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా విడిపోయాక చోడవరం అందులోకి వెళ్ళింది. కాబట్టి పైఅధికారుల దాకా వెళ్ళాల్సి వస్తే అనకాపల్లే. మేం ముందు మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్, 1బి అనే భూమి రికార్డులు తీసి సర్వే నంబరు, విస్తీర్ణం సరిగ్గా ఉన్నాయో చూసుకున్నాం. తర్వాత ఊరి సచివాలయంలో వారసత్వ మ్యుటేషన్‌కు దరఖాస్తు పెట్టాం. విచారణ రోజున అందరం ఊళ్ళో ఉన్నాం, చెల్లి తప్ప. ఆమె సమ్మతి పత్రం ముందే తెప్పించాం.

కారు అయితే యజమాని చనిపోయిన విషయం ముప్పై రోజుల్లో ఆర్‌టీఓకు తెలియజేయాలి. మూడు నెలల్లోపు ఫారం 31తో పేరు మార్పిడి అడగాలి. అప్పటిదాకా బీమా గడువు తప్పకుండా చూడండి.

కోర్టు ఎప్పుడు తప్పదు

వారసుల్లో ఒకరు సంతకం పెట్టనన్నా, ఒకరి ఆచూకీ తెలియకపోయినా, డబ్బు పరిమితి దాటి బ్యాంకు అడిగినా సక్సెషన్ సర్టిఫికెట్ కావాలి. చనిపోయినవారు నివసించిన ప్రాంతపు కోర్టులో పిటిషన్ వేస్తారు, పేపర్లో ప్రకటన ఇస్తారు, అభ్యంతరాలు లేకపోతే సర్టిఫికెట్ ఇస్తారు. కోర్టు ఫీజు డబ్బు మొత్తాన్ని బట్టి ఉంటుంది. అది డిపాజిట్లు, షేర్లు, రావాల్సిన బాకీల లాంటి వాటికే. ఇంటి మీద హక్కు తగాదా అయితే భాగం కోసం దావా వేయాలి, అది వేరే దారి.

ఇక ప్రొబేట్. వీలునామా నిజమైనదేనని కోర్టు ముద్ర వేయడం అది. వీలునామాయే లేని మాకు దాని అవసరమే రాలేదు. దాన్ని అమలు చేయమని వీలునామాలో ఎవరినైనా పేర్కొంటే వాళ్ళకే ప్రొబేట్ ఇస్తారు. అలా ఎవరినీ పేర్కొనకపోతే లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ అడగాలి. బొంబాయి అన్నయ్య ఎందుకంత గట్టిగా చెప్పాడో తర్వాత అర్థమైంది. హిందువుల వీలునామాలకు ప్రొబేట్ తప్పనిసరి అన్న నిబంధన, 2025లో తీసేసేదాకా, బొంబాయి, మద్రాసు, కలకత్తాల చుట్టూనే నడిచింది. విశాఖ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో కూడా ఆ నగర హద్దు ఇక్కడిదాకా రాలేదు. ఇక్కడ రాసిన వీలునామా, ఇక్కడి ఆస్తి అయితే, వారసులెవరూ కాదనకపోతే, ఆ వీలునామాతోనే పేర్లు మార్పించుకోవచ్చు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం తప్పనిసరి. తగాదా వస్తే వాళ్ళలో ఒకరైనా వచ్చి చెప్పాలి, కాబట్టి మీకన్నా చిన్నవాళ్ళను సాక్షులుగా పెట్టుకోండి. అమ్మ తన వీలునామా రాసినప్పుడు నా క్లాసులో చదివి ఇప్పుడు డాక్టరైన అమ్మాయి, కింది ఫ్లాట్ కుర్రాడు సాక్షులు. బ్యాంకుల్లో ఇప్పుడు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, 2025 నవంబరు నుంచి. అమ్మ మా ముగ్గురి పేర్లూ వాటాలతో సహా రాయించింది.

చివరికి మిగిలేది ఆదాయపు పన్ను. నాన్న చనిపోయిన రోజు వరకు వచ్చిన ఆదాయానికి వారసులు రిటర్ను వేయాలి. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో చట్టబద్ధ వారసులుగా నమోదు చేసుకుని వేయాలి. డిపాజిట్ల వడ్డీ మీద బ్యాంకు ముందే కోసిన పన్ను (టీడీఎస్) కట్టాల్సినదాని కన్నా ఎక్కువైతే ఆ ఎక్కువ తిరిగి వస్తుంది. అందుకే పాన్ కార్డు తొందరపడి వెనక్కి ఇచ్చేయకండి. ఫోన్ నంబరు కూడా అంతే. బ్యాంకు నుంచి, పీఎఫ్ నుంచి, గ్యాస్ నుంచి కబుర్లన్నీ ఆ నంబరుకే వస్తాయి. ఆ నంబరు మూసేస్తే కొన్నాళ్ళకు వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు. అన్నీ తేలాకే దాన్ని ఆపించండి. నాన్న రిఫండు ఇంకా రావాలి. ప్రతి నెలా ఆయన నంబరుకు నేనే రీచార్జ్ చేస్తున్నాను. ఫోన్ అమ్మ దగ్గరే ఉంది, రాత్రి పడుకునే ముందు ఛార్జింగ్ పెడుతుంది.